తెగాల్సిన పిన్ను

కోరంగి పాయ ఒడ్డున, పడవలు బాగుచేసే నా పాకలో
రెండు తాటిదుంగల మీద
ఒక విమానం పైలాన్ పడుకుని ఉంది.
కాకినాడ పాతినుము వేలంలో కొన్నాను.
కాటా వేసిన కుర్రాడు
"ఏ లారీదండీ ఈ చాసిస్సు?" అన్నాడు.
చెప్పలేదు.

పదకొండేళ్లు హైదరాబాదు హేంగరులో
వీటి పొట్టలో చెయ్యి పెట్టి బతికాను.
ఎవరి మోచెయ్యీ దూరని చోట నాది దూరేది.
"సత్యవేణిని పిలవండి" అనేవాళ్లు,
మంత్రసానిని పిలిచినట్టు.

రెక్కకీ ఇంజినుకీ నడుమ ఉండేది ఇదే.
పైకి వాలుగచేప వీపులా నున్నటి రేకు.
కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్లు కూడా
దీన్ని చూడరు.
రేకు విప్పితే లోపల పెట్టె:
పైన ఒక దూలం, కింద ఒక దూలం,
నడుమ పడవ పక్కటెముకల్లా అడ్డగోడలు,
అటూ ఇటూ చర్మం,
వేలెడు దూరానికో రివెట్టు.
ఆ ఇరుకులోంచే
ఇంధనం గొట్టం, వేడిగాలి గొట్టం, వైర్ల జడ,
మంట పుడితే ఆర్పడానికి ఒక సన్నగొట్టం.
అన్నిటికన్నా అడుగున చిన్న బెజ్జం,
కారినది ఏదైనా అక్కడే నిలవకుండా.
నీళ్లు నిలిస్తే ఏమవుతుందో
కోరంగిలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇంజిను తన బరువుతో కిందికి లాగుతుంది,
తన ఊపుతో ముందుకి తోస్తుంది,
నేల దిగాక వెనక్కి గుంజుతుంది.
ఈ పేచీలన్నీ మోసుకెళ్లి
రెక్కకి అప్పజెప్పేవి నాలుగు పిన్నులు.
రోకలి పొన్నంత లావు. లోపల బోలు.

ఆ బోలులోనే ఉంది కిటుకంతా.
దాన్ని తొలిచినవాడు
గోడ ఎంత గట్టిగా ఉండాలో కాదు,
ఎంతకి ఓడిపోవాలో లెక్క కట్టాడు.
ఇంజిను పూనకం వచ్చినట్టు ఊగే రోజున
రెక్క చీలి, రెక్కలోని ఇంధనం అంటుకోకముందే
పిన్ను తెగాలి.
ఆ రోజు తెగకపోతే తప్పు.
ముందురోజు తెగినా తప్పే.
ఆవగింజలో సగమంత తుప్పు మచ్చ కోసం
టార్చి పళ్లతో పట్టుకుని
ఎన్ని రాత్రులు వెతికానో.

మొన్న కోపనాతి నూకరాజు వచ్చాడు,
పడవ మోటారు గోనెసంచిలో మూటగట్టుకుని.
భైరవపాలెం మొగలో
ఫ్యాను మడచెట్టు మోడుకి తగిలిందట.
విప్పితే గేర్ల పళ్లన్నీ రాలి ఉన్నాయి,
ముసలి నోరులా.
ఇరుసులో ఇత్తడి పిన్ను ఉండాల్సిన చోట
మూడంగుళాల ఇనప మేకు.
"నువ్వేసింది వారానికోటి తెగుద్ది ఏణమ్మా.
ఇది చూడు, తెగలేదు."
"తెగలేదుగా" అన్నాను.
గేరుపెట్టె పాతికవేలు.

పైలాన్ దగ్గరికి తీసుకెళ్లాను.
పిన్ను లేని ఖాళీ బెజ్జంలో వేలు పెట్టి
చాలాసేపు తిప్పాడు.
"మా తాత వలతాడు కొత్తదే కొనేవోడు.
పడవకి కట్టే ఆఖరి బార మాత్రం
పాత పీచుతో పేనేవోడు.
పిసినారోడనుకున్నా."

వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.
"అయితే ఏణమ్మా,
తెగిన ఇంజిను ఎక్కడ పడుద్ది?"

పదకొండేళ్లలో హేంగరులో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.
రెక్క దక్కింది కదా అనుకునేవాళ్లం,
కాగితం మీద గీత అక్కడితో ఆగేది.
తలుపు అవతల తాళ్లరేవు దాకా పచ్చటి చేలు,
గట్ల మీద గొడుగులు, ఒక స్కూలు ఆటో.
"సముద్రంలో" అన్నాను.

"సముద్రంలో మేముంటాం కదా."

పోటు తిరిగింది. పాక కింద బురద
బుడగలు బుడగలుగా మాట్లాడుతోంది.
పది ఇత్తడి పిన్నులు లెక్కపెట్టి
కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాను.
పొట్లం బొడ్లో దోపుకున్నాడు.
బల్ల మీద మేకు కూడా ఉంది.
దాన్ని చొక్కా అంచుతో తుడిచి
జేబులో వేసుకున్నాడు.